పేరు లేని కార్డు తెచ్చిన తంటా

అమెరికాలో పాత బేస్‌బాల్ కార్డులు, అంటే ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసిన చిన్న అట్టముక్కలు, సేకరించేవాళ్ల మధ్య ఒక పాత గొడవ మళ్ళీ రాజుకుంది. ఒకే కార్డుకు చెందిన రెండు ప్రతుల్లో చిన్న తేడా కనిపిస్తే దాన్ని వేరే కార్డుగా లెక్కపెట్టాలా, అచ్చులో వచ్చిన లోపమని వదిలేయాలా? 'వేరియేషన్' అన్న ముద్ర పడితే ధర అమాంతం పెరుగుతుంది. ఒక కంపెనీ ఆ ఏడాది వేసిన కార్డులన్నీ, అంటే సెట్, పూర్తయిందనుకున్నవాళ్లకు మళ్ళీ వేట తప్పదు.

సిగరెట్ పెట్టెల్లో, బబుల్‌గమ్ పొట్లాల్లో పెట్టి ఇవ్వడంతో మొదలైన కార్డులివి. ఇప్పటి పేచీకి మూలం 1990లో టాప్స్ కంపెనీ వేసిన 414వ నంబరు కార్డు. ఆబర్న్ యూనివర్సిటీ యూనిఫాంలో ఉన్న కుర్రాడు ఫ్రాంక్ థామస్ బొమ్మ అది. కొన్ని ప్రతుల్లో ముందు వైపు పేరు ఉండాల్సిన గడి ఖాళీగా వచ్చింది. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది; నల్ల సిరా ప్లేటు దగ్గర ఏదో అడ్డుపడి, అంతమేరా నలుపు పడలేదు. కార్డులుగా కోయకముందు పెద్ద షీటులో పక్కపక్కనే ఉండే కార్డులను మళ్ళీ వరసగా పేరిస్తే విషయం తెలిసిపోతుంది. థామస్ పేరు పోయిన చోటి నుంచి చుట్టుపక్కల కార్డుల మీదికి నల్ల గీతలు తెగిపోతూ వెళ్తాయి. అంటే పేరు తీసేయాలని ఎవరూ అనుకోలేదు, తర్వాత ఎవరూ 'సరిదిద్దలేదు'. అడ్డు తొలగింది, అంతే. అయినా ఆ కార్డు ధరల జాబితాలిచ్చే గైడ్లలోకి విడిగా ఎక్కింది. థామస్ పెద్ద ఆటగాడై 2014లో బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. పేరు లేని కార్డు వేల డాలర్లు పలికింది. అక్కడితో ఇలాంటి అచ్చు లోపాలకు గేటు తెరుచుకుంది.

అంతకు ముందు వేరియేషన్ అంటే అర్థం వేరు. 1981లో ఫ్లీర్ కంపెనీ హడావిడిగా సెట్ తెచ్చి, గ్రెయిగ్ నెటిల్స్ పేరును వెనక వైపు 'క్రెయిగ్' అని వేసింది. తప్పు తెలిశాక ప్లేటు మార్చి మళ్ళీ అచ్చేసింది. 1989లో బిల్ రిప్‌కెన్ బ్యాటు పిడి మీద బూతుమాట కనిపించేసరికి అదే ఫ్లీర్ ఒకసారి గీతలు కొట్టి, ఒకసారి నల్ల చదరం పెట్టి దాన్ని కప్పింది. ఇవి మనుషులు కావాలని చేసిన మార్పులు. కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పొచ్చు. 1957 టాప్స్‌లో హాంక్ ఆరన్ ఫొటో తిరగబడి ఎడమచేతి వాటం ఆటగాడిలా కనిపిస్తాడు. దాన్ని ఎప్పుడూ దిద్దలేదు, అందుకే అది తప్పే గానీ వేరియేషన్ కాదు. ఈ లెక్క ఎంత సూటిగా ఉందో చూడండి.

పాత కార్డులకు అదే కొలత పెడితే చాలా చిక్కులు విడిపోతాయి. 1969 టాప్స్‌లో మిక్కీ మాంటిల్ ఇంటిపేరు కొన్ని ప్రతుల్లో పసుపుకు బదులు తెల్లగా ఉంటుంది. మరికొందరి కార్డుల్లోనూ అలాంటి తెల్ల అక్షరాలే వచ్చాయి, అంటే తేడా పసుపు ప్లేటుదే, ఒక్క కార్డు మీద పడ్డ అడ్డుది కాదు. కానీ 1958లో పాంచో హెరెరా పేరు చివరి అక్షరం ఎగిరిపోయిన కార్డు థామస్ కార్డు లాంటిదే. థామస్ కార్డుకు చోటిచ్చినవాళ్లు దాన్ని కాదనలేరు.

అవతలి పక్షం వాదన ఒక్కటే: ఒకే లోపం ఎన్నో ప్రతుల్లో ఒకే చోట కనిపిస్తే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. అలాగైతే ప్లేటు మీద వాలిన ప్రతి నలుసుకూ ఒక కార్డు పుడుతుంది. రంగులు కాస్త పక్కకు జరగడం, పాత కేలండర్లలో అమ్మవారి కుంకుమ నుదురు దాటినట్టు, ఆ రోజుల్లో మామూలు సంగతి.

డబ్బున్న చోటికి మోసం రానే వస్తుంది. మామూలు థామస్ కార్డు మీద పేరు చెరిపేసి అంటగట్టేవాళ్లు బయల్దేరారు. పదింతలు పెద్దది చేసే లెన్సు కింద పెడితే, చెరిపిన చోట కాగితం మెరుపు చచ్చి ఉంటుంది. అసలు కార్డులో ఆ మెరుపు చెక్కుచెదరదు, పైగా చుట్టూ ఉండే సన్నని నల్ల గీత కూడా కొంతమేర మాయమై ఉంటుంది. పేరు లేని థామస్ కార్డు కొనబోతే లెన్సు కింద ముందు చూడాల్సింది ఆ గీతనే.