అంపైర్ కన్ను పడని చోట

1989 సెప్టెంబరు 30. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఫైనల్ మొదలైంది. అంపైర్ బంతిని నేలకు కొట్టి పైకి లేపాడు. హాథార్న్ ఆటగాడు డెర్మట్ బ్రెరెటన్ చూపు బంతి మీద ఉంది. జిలాంగ్ ఆటగాడు మార్క్ యేట్స్ చూపు మాత్రం బ్రెరెటన్ మీద ఉంది. బంతితో తనకు పని లేనట్టు యేట్స్ దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, నిండు వేగంతో గుద్దేశాడు. బ్రెరెటన్ కుప్పకూలాడు. పక్కటెముకలు దెబ్బతిన్నాయి. మూత్రపిండం కమిలింది. మైదానంలోనే వాంతి చేసుకున్నాడు. బయటికి వచ్చేయమంటే వినలేదు. కాళ్లీడ్చుకుంటూ గోల్ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. కాసేపటికి బంతి పట్టి గోల్ కూడా కొట్టాడు. హాథార్న్ 6 పాయింట్ల తేడాతో కప్పు గెలిచింది.

ఆ దెబ్బకు ముందు కథ ఒకటి ఉంది. అదే సీజన్ మొదట్లో యేట్స్ బ్రెరెటన్ చేతిలో దెబ్బ తిన్నాడు. ఆ బాకీని నెలల తరబడి దాచుకుని ఫైనల్ మొదటి క్షణంలో చెల్లించాడు. ఆస్ట్రేలియాలో ఈ ఫైనల్‌ను ఇప్పటికీ మహత్తరమైన మ్యాచ్ అని చెప్పుకుంటారు. ఇవాళ ఎవరైనా అదే పని చేస్తే వారాల తరబడి నిషేధం తప్పదు. మధ్యలో మారిందేమిటో చూడాలంటే ఈ ఆటలో ‘ఎన్‌ఫోర్సర్’ అనే మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చూడాలి. మన మాటలో చెప్పాలంటే జట్టు వస్తాదు. మనవాడి మీద చెయ్యి పడితే అటువైపు వాడి మీద రెండు చేతులు పడేలా చూసే మనిషి.

మెల్‌బోర్న్‌లో ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు. మనం క్రికెట్ పుణ్యమా అని ఎరిగిన ఎంసీజీ కూడా చలికాలమంతా ఈ ఆటదే. కోడిగుడ్డు ఆకారపు బంతి, జట్టుకు 18 మంది, అండాకారపు మైదానం. మైదానానికి ఒకే కొలత లేదు. పొడవు 135 నుంచి 185 మీటర్ల దాకా ఎంతైనా ఉండవచ్చు. బంతిని దాటి ముందుకు వెళ్లి నిలబడకూడదన్న ఆఫ్‌సైడ్ నిబంధన లేదు. కాబట్టి రగ్బీలో లాగా ఎదుటివాడు ముందు నుంచే వస్తాడన్న భరోసా లేదు. పక్క నుంచి రావచ్చు, వెనుక నుంచి రావచ్చు. బంతికి ఐదు మీటర్ల లోపు ఉన్నవాణ్ని భుజంతో, తుంటితో గుద్దడం నిబంధనల్లోనే ఉంది.

అంత పెద్ద మైదానానికి 1976 దాకా ఫీల్డ్ అంపైర్ ఒక్కడే. అతని కన్ను ఎప్పుడూ బంతి మీదే. వస్తాదు పుట్టింది ఆ కన్ను పడని చోటే అని నా అభిప్రాయం. న్యాయం చూసేవాడు లేని చోట ప్రతి జట్టూ తన న్యాయం తానే చూసుకుంది.

1945 ఫైనల్ అందుకు నిలువెత్తు సాక్ష్యం. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. ఎంసీజీ ఇంకా సైనిక అవసరాల నుంచి బయటపడలేదు కనుక మ్యాచ్ ప్రిన్సెస్ పార్క్‌లో పెట్టారు. 62,986 మంది కిక్కిరిసిపోయారు. కార్ల్‌టన్, సౌత్ మెల్‌బోర్న్ జట్లు బంతి కోసం కొంతసేపు, ఒకరి కోసం ఒకరు చాలాసేపు పరుగెత్తాయి. కార్ల్‌టన్ 28 పాయింట్ల తేడాతో గెలిచింది కానీ, జనానికి గుర్తున్నది ‘రక్తపు మడుగు’ అన్న అర్థంలో పెట్టిన పేరే. సౌత్ మెల్‌బోర్న్‌లో జాక్ విలియమ్స్‌కు 12 మ్యాచ్‌ల నిషేధం, కార్ల్‌టన్‌లో బాబ్ చిట్టీకి 8 మ్యాచ్‌లు పడ్డాయి. వీళ్లందరినీ మించి టెడ్ విట్‌ఫీల్డ్‌కు 21 మ్యాచ్‌లు. అతని మీద మోపిన నేరాల్లో ఒకటి నాకు మహా ఇష్టం: అంపైర్ తన నంబరు రాసుకోకుండా చొక్కాను తల మీదికి లాక్కున్నాడట. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. శిక్ష పడాలంటే ఎవరో ఒకరు చూడాలన్న సంగతి ఆటగాళ్లకు ఎంత బాగా తెలుసో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ కాలపు వస్తాదులకు పరువుకేమీ లోటు లేదు. 1931 నుంచి 1949 దాకా రిచ్‌మండ్‌కు 312 మ్యాచ్‌లు ఆడిన జాక్ డయర్‌ను ‘కెప్టెన్ బ్లడ్’ అని పిలిచేవారు. భుజం దించి అతను ఎదురొస్తుంటే పక్కకు తప్పుకోవడంలో నామోషీ లేదన్నది అప్పటి లోకజ్ఞానం. రిచ్‌మండ్ క్లబ్బు ఏటా తన అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే పతకం డయర్ పేరు మీదే ఉంది. నిబంధన తప్పని మంచి నడవడికీ కలిపి ఇచ్చే పతకం అది!

కోచ్‌లు దీన్ని వ్యూహంగా కూడా వాడారు. 1972 ఫైనల్లో కార్ల్‌టన్ కెప్టెన్, కోచ్ జాన్ నికల్స్ ఆరు గోల్స్ కొట్టి రిచ్‌మండ్‌ను ముంచాడు. మరుసటి ఏడు ఫైనల్లో అవే రెండు జట్లు. ఆట మొదలైన కొద్ది నిమిషాలకే రిచ్‌మండ్ కుర్రాడు లారీ ఫౌలర్ నికల్స్‌ను గుద్ది పడేశాడు. అదే రోజు నీల్ బామ్ పిడికిలికి జెఫ్ సౌత్‌బీ నేలకూలాడు. కప్పు రిచ్‌మండ్‌ది అయింది.

వస్తాదుకు నిజమైన ఎదురుదెబ్బ 1985లో తగిలింది. హాథార్న్ కెప్టెన్ లీ మాథ్యూస్ పొట్టివాడే, కానీ దుక్కలాంటి మనిషి. ఒకసారి గోల్ పక్కనుండే స్తంభాన్ని ఢీకొంటే స్తంభమే విరిగింది. అలాంటివాడు జిలాంగ్‌తో మ్యాచ్‌లో, బంతి ఎక్కడో ఉండగా, నెవిల్ బ్రన్స్ దవడ విరగ్గొట్టాడు. అంపైర్లెవరూ ఫిర్యాదు రాయలేదు. పాత రోజులైతే అంతటితో సరి. ఈసారి పోటీలు నడిపే లీగ్ విచారణ జరిపి నాలుగు వారాల పాటు అతని రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. పోలీసులు దాడి కేసు పెట్టారు. కోర్టు 1,000 డాలర్ల జరిమానా వేసింది. అప్పీలులో ఆ శిక్ష నిలవలేదు. కానీ మైదానం గీత లోపల జరిగింది లోపలే ఉండిపోతుందన్న పాత ఒప్పందం ఆ రోజుతో చెల్లిపోయింది. మాథ్యూస్ మీద మాత్రం మచ్చ నిలవలేదు. ఆ తర్వాత బ్రిస్బేన్ కోచ్‌గా 2001 నుంచి వరుసగా మూడు కప్పులు గెలిపించాడు. తోటి ఆటగాళ్లు ఏటా ఓటేసి ఎన్నుకునే మేటి ఆటగాడికి ఇచ్చే ట్రోఫీ ఇప్పుడు అతని పేరుతోనే ఉంది.

అక్కడి నుంచి చూసే కళ్లు పెరుగుతూ పోయాయి. ఫీల్డ్ అంపైర్లు 1994లో ముగ్గురు, 2023లో నలుగురు అయ్యారు. వాళ్ల కంటే ముఖ్యం కెమెరాలు. 2005లో వీడియోలు చూసి శిక్షలు ప్రతిపాదించే సమీక్ష బృందం వచ్చింది. 2008లో సిడ్నీ ఆటగాడు బ్యారీ హాల్ బంతికి దూరంగా బ్రెంట్ స్టేకర్‌ను ఒక్క గుద్దుతో నేలకూల్చితే, ఆ రాత్రికే దాన్ని దేశమంతా తిప్పి తిప్పి చూసింది. ఏడు వారాల నిషేధం పడింది.

కెమెరాతో పాటు వస్తాదును దెబ్బతీసింది పరుగు. దీన్ని చాలామంది మరిచిపోతారు. 1978కి ముందు ఒకసారి బయటికి వెళ్లిన ఆటగాడు తిరిగి రాలేడు. ఆ ఏడాది నుంచి మార్చి మార్చి పంపే పద్ధతి వచ్చింది. 2010 నాటికి ఒక్కో జట్టు మ్యాచ్‌కు నూరు మార్పులు దాటేసింది. చివరికి లీగే పగ్గం వేసి, 2021కి ఆ సంఖ్యను 75కు తెచ్చింది. ఊపిరి తీసుకుని మళ్లీ మళ్లీ దూసుకొచ్చే ఆటగాళ్ల మధ్య, గుద్దడం కోసమే ఒక బరువైన మనిషిని నిలబెట్టుకునే విలాసం ఏ కోచ్‌కూ మిగల్లేదు. నైతికత కంటే ముందు లెక్కే వస్తాదును ఇంటికి పంపిందని నేను అంటాను.

అయినా మోజు అంత తొందరగా చావలేదు. 2004లో ఎసెండన్‌తో మ్యాచ్‌లో హాథార్న్ ఆటగాళ్లు సామూహిక కొట్లాటకు దిగారు. ‘ఇసుకలో గీత గీయండి’, అంటే ఇక వెనక్కి తగ్గొద్దని, వాళ్లకు నూరిపోసింది ఎవరనుకున్నారు? అప్పటికి క్లబ్బు బోర్డులో ఉన్న డెర్మట్ బ్రెరెటనే. హాథార్న్ ఆ మ్యాచ్ చిత్తుగా ఓడింది, పైగా నిషేధాలూ జరిమానాలూ నెత్తిన పడ్డాయి. పదేళ్ల తర్వాత 2014లో ఆస్ట్రేలియా ప్రధాని టోనీ అబాట్ రష్యా అధ్యక్షుడు పుతిన్‌ను ‘షర్ట్‌ఫ్రంట్’ చేస్తానన్నప్పుడు ప్రపంచ పత్రికలు ఆ మాటకు అర్థం వెతుక్కున్నాయి. యేట్స్ బ్రెరెటన్‌కు ఇచ్చిన దెబ్బకు ఈ ఆటలో వాడే పేరు అదే.

చివరి అంకం వైద్యులది. 2006లో డేనియల్ జియన్‌సిరాకూసా గుద్దుకు ప్రత్యర్థి జస్టిన్ కోషిట్‌స్కీ పుర్రె చిట్లింది. నిబంధన ప్రకారం ఆ గుద్దు తప్పు కాదన్నారు. కొన్ని వారాలకు కోషిట్‌స్కీ టీవీ ఇంటర్వ్యూ ఇస్తూ కెమెరా ముందే స్పృహ తప్పాడు. ఆ తర్వాత వచ్చిన మార్పుల సారం ఒక్కటే: గుద్దడం నీ ఇష్టం, ఎదుటివాడి తలకు తగిలితే బాధ్యత నీది. 2019లో మరణించిన మాజీ ఆటగాళ్లు పాలీ ఫార్మర్, డానీ ఫ్రాలీ మెదళ్లలో, ఆ తర్వాత షేన్ టక్ మెదడులో పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే సీటీఈ వ్యాధి బయటపడింది. 2021 నుంచి తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అయినవాడు కనీసం 12 రోజులు ఆడకూడదు. 2023లో మాజీ ఆటగాళ్లు లీగ్ మీద ఉమ్మడి దావా వేశారు.

బ్రేషా అన్నదమ్ములకు జరిగింది చూస్తే దారి మొత్తం కనిపిస్తుంది. 2018లో ఫ్రీమాంటిల్ కుర్రాడు ఆండ్రూ బ్రేషా దవడను వెస్ట్ కోస్ట్ ఆటగాడు ఆండ్రూ గాఫ్ బంతికి దూరంగా పిడికిలితో విరగ్గొట్టాడు. పళ్లు కదిలిపోయాయి. గాఫ్‌కు ఎనిమిది వారాలు. ఇది పాత రకం నేరం, తీర్పులో చిక్కేమీ లేదు. 2023 సెప్టెంబరులో అన్న ఆంగస్ వంతు వచ్చింది. మెల్‌బోర్న్ తరఫున బంతిని తన్నాడు. దాన్ని అడ్డుకోవడానికి కాలింగ్‌వుడ్ ఆటగాడు బ్రేడెన్ మేనార్డ్ గాల్లోకి ఎగిరాడు. దిగేటప్పుడు మేనార్డ్ భుజం ఆంగస్ తలకు తగిలింది. ఆంగస్ ఉన్నచోటే స్పృహ తప్పాడు. తలకు పాత దెబ్బలున్న మనిషి, ఏళ్లుగా మెత్తని హెల్మెట్ పెట్టుకునే ఆడుతున్నాడు. మేనార్డ్ వస్తాదు పని చేయలేదు, బంతి కోసమే ఎగిరాడు. ట్రిబ్యునల్ అతన్ని నిర్దోషి అంది. అతని జట్టు ఆ ఏడు కప్పు కూడా గెలిచింది.

తర్వాతి సీజన్‌కు లీగ్ నిబంధన మార్చింది. అడ్డుకోవడానికి గాల్లోకి ఎగిరి ఎదుటివాడి తలకు తగిలితే, అది అజాగ్రత్త కిందే లెక్క. ఆ సీజన్ మొదలు కాకముందే, 2024 ఫిబ్రవరిలో, మెదడు స్కానింగ్‌లు చూసిన వైద్యుల సలహాతో ఆంగస్ బ్రేషా ఆట వదిలేశాడు. అప్పటికి అతనికి 28 ఏళ్లు.