డేరా సినిమా హాలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక తరానికి చిన్ననాటి సినిమా అంటే డ్రైవ్-ఇన్, కార్లోనే కూర్చుని చూసే ఆరుబయట సినిమా. 1933 జూన్ 6న న్యూజెర్సీలోని క్యామ్డెన్ దగ్గర రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ మొదటిది తెరిచాడు. ముందు వరస కార్లు వెనక వాళ్లకి అడ్డం రాకుండా నేలంతా వరసలుగా మట్టి గట్లు పోయించి, ముందు చక్రాలు గట్టు మీద ఉండేలా చూశాడు. ఆ ఏర్పాటుకే పేటెంటు కూడా తీసుకున్నాడు. మన పల్లెల్లో కార్లు లేవు గానీ గట్లు ఉండేవి. నేల టికెట్టు పిల్లలు ముందున్న తలకాయ మీదుగా చూడటానికి ఇసుక పోగుచేసుకుని కూర్చున్నది అచ్చంగా ఆ సూత్రమే.

మన డేరా హాళ్లు కూడా ఆ డ్రైవ్-ఇన్‌ల లాగే దాదాపు కనుమరుగయ్యాయి. చూసినవాళ్ల జ్ఞాపకాల్లో అబద్ధం లేదు: బొమ్మ ఆగింది, కాలింది, తెర మీద వాన కురిసింది, తల కిందకి, కాళ్లు పైకి వచ్చాయి. ఎందుకు అన్నదగ్గరే కథలు మొదలవుతాయి. బొమ్మ వేసే మిషనుండే క్యాబిను వైపు నుంచి చూస్తే సంగతి ఇదీ.

అపోహ: మాటిమాటికీ ఇంటర్వెల్ ఇచ్చింది సోడాలు, వేరుశనక్కాయలు అమ్ముకోడానికి.

వాస్తవం: మిషను ఒక్కటే ఉండటం వల్ల. 35 మి.మీ. ఫిలింలో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24 ఫ్రేములు పోతాయి. అంటే నిమిషానికి 90 అడుగులు. 2000 అడుగుల స్పూలు, అంటే ఒక రీలు, 22 నిమిషాల్లో అయిపోతుంది. 16,000 అడుగుల సినిమా ఎనిమిది స్పూళ్లు. టౌను హాల్లో రెండు మిషన్లుండేవి. తెర కుడి పై మూల ఒక చుక్క మెరవగానే ఆపరేటరు రెండో మిషను మోటారు వేసేవాడు, ఏడు సెకన్ల తర్వాత ఇంకో చుక్క మెరవగానే బొమ్మ మార్చేవాడు. హాల్లో ఎవరికీ తెలిసేది కాదు. డేరాలో ఆ సదుపాయం లేదు. రీలు అయిపోతే లైటు వెయ్యాల్సిందే. 4000 అడుగుల స్పూళ్లు పట్టే మిషనైతే నాలుగు భాగాలు, మూడు ఆగడాలు. 2000 అడుగులవైతే ఏడు. సోడా వ్యాపారం ఈ ఆగడాల్ని చూసి పుట్టిందే తప్ప, సోడా కోసం సినిమా ఆగలేదు.

ఆ రెండు నిమిషాల్లో జరిగే పని చిన్నది కాదు. అయిపోయిన స్పూలు కిందనుంచి తీసి, కొత్తది పైన ఎక్కించాలి. ఐదారడుగుల ఫిలిం లాగి పై పళ్లచక్రం మీద కూర్చోబెట్టాలి, దాని కింద ఒక వదులు వంపు వదలాలి, తర్వాత ఫిలిం మీద వెలుగు పడే గేటు, దాని కింద ఆగి ఆగి తిరిగే చక్రం, మళ్లీ ఒక వదులు వంపు, శబ్దం చదివే సౌండు డ్రమ్ము, చివరికి కింది స్పూలు. పై వంపు బిగుతైతే నాలుగు ఫ్రేములు పోకముందే ఫిలిం చిరుగుతుంది. కింది వంపు సంగతి కింద చెప్తాం.

అపోహ: పెదవులు ఒకచోట, మాట ఒకచోట ఉంటే డబ్బింగు లోపం.

వాస్తవం: చాలాసార్లు ఆ కింది వంపు లోపం. ఫిలిం మీద శబ్దం తన బొమ్మ పక్కనే ఉండదు. సౌండు డ్రమ్ము గేటుకి కింద ఉంటుంది కాబట్టి, సుమారు 20 ఫ్రేములు ముందుగా అచ్చవుతుంది. కింది వంపు ఐదు ఫ్రేములు ఎక్కువ వదిలితే మాట సెకనులో ఐదోవంతు వెనకబడుతుంది. తక్కువైతే పెదవి కదలకముందే మాట వినిపిస్తుంది. తర్వాతి రీలుకి అదే సినిమాలో మాట సర్దుకుందంటే తప్పు వంపుదని తేల్చుకోవచ్చు. ఇంకో సంగతి: శబ్దం ఒక ఫ్రేము కాలంలో సుమారు 47 అడుగులే పోతుంది. తెర పక్క స్పీకరుకి వంద అడుగుల దూరంలో కూర్చున్నవాడికి అంతా సరిగ్గా ఉన్నా మాట రెండు ఫ్రేములు ఆలస్యంగానే చేరుతుంది.

అపోహ: బొమ్మ మసకబారితే ఓల్టేజి తగ్గినట్టు.

వాస్తవం: సగం నిజం. తేడా కనిపెట్టడం తేలిక. మాట కూడా నీరసించి సాగితే ఇంజను, డైనమో తప్పు. మాట గట్టిగానే ఉండి బొమ్మ ఒక్కటే మసకబారితే కార్బను తప్పు. వెనక బెంచీల వాళ్లు "కార్బన్!" అని అరిచింది ఊరికే కాదు.

ఆ క్యాబినులో బల్బు ఉండేది కాదు. రెండు కార్బన్ కడ్డీలు మొనకి మొన దగ్గర పెట్టి, డీసీ కరెంటు ఇచ్చి, ఒకసారి తాకించి విడదీస్తే మధ్యలో వెల్డింగు లాంటి మంట (ఆర్కు) పుడుతుంది. రాగి పూత ఉన్న 7 మి.మీ. పాజిటివ్, 6 మి.మీ. నెగటివ్ జతకి 40 నుంచి 50 ఆంపియర్లు కావాలి. ఓల్టులు మాత్రం నలభైకి అటూ ఇటూ చాలు. అసలు వెలుగు మంటది కాదు, పాజిటివ్ మొన మీద పడే చిన్న గుంటది. వెనక ఉన్న గిన్నె అద్దం ఆ గుంటని ఫిలిం గేటు మీదకి తెస్తుంది. కడ్డీ కాలుతూ ఉంటే గుంట వెనక్కి జరుగుతుంది, అద్దం గురి తప్పుతుంది. తెర అంచులు నీలంగానో గోధుమరంగుగానో తేలతాయి, తర్వాత మొత్తం మసక. పాజిటివ్ నెగటివ్ కంటే వేగంగా కాలుతుంది, 22 నిమిషాల రీలుకి నాలుగంగుళాల దాకా. మోటారు ఫీడు లేనిచోట నిమిషానికోసారి చేత్తో మర తిప్పుతూ కూర్చోవాలి. ఆపరేటరు బీడీకి బయటికెళ్లాడా లేదా అన్నది తెర చూసి చెప్పొచ్చు.

పొట్టిదైపోయిన కడ్డీ ముక్కలే పిల్లలు ఏరుకుని గోడల మీద రాసుకున్నవి. నల్లటి అద్దం లేకుండా ఆ మంట చూడటం మాత్రం వెల్డింగుని చూసినంత ప్రమాదం. క్యాబిను రేకు కంతలోంచి తొంగిచూసి, రాత్రంతా కళ్లలో ఇసుక పోసినట్టుందని ఏడ్చిన పిల్లల బాధకి కారణం అదే.

అపోహ: రీలు భగ్గున అంటుకుని డేరాలు తగలబడేవి.

వాస్తవం: భగ్గుమనేది పాతకాలపు నైట్రేట్ ఫిలిం. అది మండేటప్పుడు తన ఆక్సిజన్ తానే ఇచ్చుకుంటుంది, నీళ్లలో ముంచినా ఆరదు. కొడాక్ 1951లో దాన్ని ఆపేసింది. ఆ తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిలిం కరుగుతుంది, కముల్తుంది, మంట పెద్దగా పాకదు. జనం గుర్తుపెట్టుకున్న గోధుమరంగు మచ్చ ఇదే: ఫిలిం గేటులో ఇరుక్కుని ఆగితే, ఆర్కు వేడికి ఫ్రేము మధ్యలో బుడగ లేచి, మచ్చ విచ్చుకుంటూ తెరంతా పరుచుకుంటుంది. నిజానికి వేగం తగ్గగానే ఒక రేకు వెలుగుకి అడ్డంగా పడిపోవాలి. మసి పట్టి ఆ రేకు ఇరుక్కుంటేనే ఈ బొమ్మ చూస్తాం. డేరాకి నిజమైన భయం తాటాకులు, బీడీలు, బయట పడివున్న వైర్లు. అందుకే రేకుల క్యాబిను, దూరంగా జనరేటరు, ఇసుక బాల్చీలు.

కాలిన ఫ్రేములు కోసి అతకడానికీ ఒక పద్ధతుంది. సరిగ్గా ఫ్రేముల మధ్య గీత మీద కోయాలి. ఒక కొస మీద సన్నటి పట్టీ మేర తడిపి, పైనున్న బొమ్మ పొర గీకి తీసేయాలి. ఫిలిం సిమెంటు ఒక పూత వేసి, పది పదిహేను సెకన్లు నొక్కి పట్టాలి. పొర మిగిలితే అతుకు పట్టదు, సిమెంటు ఎక్కువైతే అతుకు గట్టిపడి గేటులో తన్నుతుంది. ఒక ఫ్రేముకి రెండు పక్కలా నాలుగేసి కంతలు. తొందరలో ఒక కంత అటూ ఇటూ అతికాడా, తెర మీద పైన కాళ్లు, కింద తల. జనం ఈలలు వేస్తారు, ఆపరేటరు ఫ్రేము మర తిప్పి సర్దుతాడు. ఆ రీలు తర్వాత ఏ ఊరికి వెళ్లినా అదేచోట అదే ఈల.

అపోహ: తెర మీద వాన కురిస్తే సినిమా పాతదన్నట్టు.

వాస్తవం: పాతబడటం వల్ల గీతలు పడవు, దుమ్ము వల్ల పడతాయి. ఇసుక నేల మీద డేరా, చుట్టూ జనం కాళ్లు. ఆ రేణువు గేటులో చేరితే రీలు పొడుగునా నిలువు గీత గీస్తుంది. గీత రంగు చూస్తే ఏ వైపు గీసుకుందో తెలుస్తుంది. నల్లగా ఉంటే ఫిలిం వీపు వైపు, అంటే బొమ్మ పొర లేని వైపు. కలర్ ప్రింటులో ఆకుపచ్చగా మెరిస్తే బొమ్మ పొర మీద, పైనున్న మెజెంటా (ముదురు గులాబీ) రంగు పొర లేచిపోయింది. పసుపు కనిపిస్తే ఇంకో పొర కూడా పోయింది. వారం రోజులాడిన కొత్త ప్రింటుని కూడా ముసలిదాన్ని చేసే గేట్లు ఉండేవి. రోజుకోసారి గుడ్డతో తుడిచిన గేటు కింద పదేళ్ల ప్రింటు నున్నగా నడిచేది.

అపోహ: ఒకే ప్రింటు ఒకే రాత్రి రెండు ఊళ్లలో ఆడటం కోతలు.

వాస్తవం: లెక్క కుదురుతుంది. పంపిణీదారులకి తెలిస్తే ఊరుకునేవారు కాదు, అది వేరే సంగతి. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో రెండు డేరాలు, అరగంటలో ఆ దూరం తొక్కే ఒక సైకిలు అనుకోండి. రీలుకి, ఆగడానికి కలిపి 24 నిమిషాలు. మొదటి ఊళ్లో ఆట 6:30కి మొదలైతే, 7:20కి రెండు రీళ్లు కట్టుకుని బయల్దేరాలి. మళ్లీ 8:30కి మూడు, 9:40కి మిగతా మూడు. రెండో ఊళ్లో ఆట 8:15కి మొదలైతే సరిపోతుంది, అయితే మూడో రీలు అవసరానికి మూడు నిమిషాల ముందే చేరుతుంది. ఆ మూడు నిమిషాల్లో దాన్ని వెనక్కి చుట్టాలి, ఎందుకంటే ఆడేసిన రీలు చివరనుంచి ఉంటుంది. రీలు బరువు సుమారు ఐదు కిలోలు, మూడింటికి పదిహేను. ఒక్క పంక్చరు చాలు, రెండో ఊళ్లో అరగంట పాటలే పాటలు.

అపోహ: హారన్ స్పీకర్ల దమ్ము వల్ల పొరుగూరికి పాట వినిపించేది.

వాస్తవం: ఆంప్లిఫయర్లు చిన్నవే. హారన్ అనేది లోతైన బేస్ శబ్దాలు వదిలేసి, గొంతు పలికే మధ్య స్థాయి మీదే బలమంతా పెడుతుంది. పైగా రాత్రి నేల చల్లబడితే కింది గాలి చల్లగా, పైది వెచ్చగా ఉండి, పైకి పోయే శబ్దాన్ని మళ్లీ కిందికి వంచుతుంది. ఘంటసాల "నమో వెంకటేశా" వినపడగానే ఆట మొదలవుతోందని పొలం గట్ల మీద పరుగెత్తినవాళ్లకి సాయం చేసింది చలికాలపు గాలి. అదే పాట మధ్యాహ్నం వేస్తే సగం దూరం పోదు.

అపోహ: డేరా హాలు పల్లెలకి మిగిలిన రెండో రకం సినిమా.

వాస్తవం: డేరాలే ముందు, పక్కా హాళ్లు తర్వాత. తెలుగు సినిమాకి ఆద్యుడైన రఘుపతి వెంకయ్య 1910లో క్రోనోమెగాఫోన్ అనే, బొమ్మకి శబ్దం జతచేసే మిషను కొని మద్రాసులో బొమ్మలాడించాడు, డేరాతో ఊళ్లు తిరిగాడు, ఆ తర్వాతే గెయిటీ హాలు కట్టాడు.

అపోహ: తెర వెనక కూర్చుంటే టికెట్టు లేకుండా అదే సినిమా.

వాస్తవం: అదే, కానీ అక్షరాలు తిరగబడతాయి, హీరో ఎడమచేత్తో కొడతాడు. పల్చటి గుడ్డ తెర అయితేనే. వెండి రంగు పూసిన తెర వెనక ఏమీ ఉండదు.

అపోహ: టీవీ వచ్చి డేరాల్ని చంపేసింది.

వాస్తవం: దెబ్బ కొట్టింది నిజమే, వీడియో క్యాసెట్లు ఇంకా గట్టిగా కొట్టాయి. కానీ డేరాకి లైసెన్సు మొదటినుంచీ పరిమిత కాలానిదే. ఒకచోట నిలదొక్కుకుంటే గోడలు లేపి పక్కా హాలుగా మారిపోయేది, లేకపోతే మూటగట్టుకునేది. డేరాలు కొన్ని చావలేదు, హాళ్లయ్యాయి. ఫిలింని అసలు తుడిచిపెట్టింది 2005 తర్వాత వచ్చిన డిజిటల్ ప్రదర్శన. పెట్టెల్లో ప్రింట్లు రావడం ఆగాక, కార్బన్ మిషను ఎంత బాగా నడిచినా ఆడించడానికి ఏమీ లేదు.

అపోహ: పిల్లలు ఏరుకున్న ఫిలిం ముక్కల్లో హీరోలు సన్నగా, పొడుగ్గా ఉండటం ఫిలిం సాగిపోవడం వల్ల.

వాస్తవం: అది సినిమాస్కోపు ఫిలిం. తెలుగులో 1974 నాటి అల్లూరి సీతారామరాజుతో మొదలైన ఆ పద్ధతిలో బొమ్మని అడ్డంగా సగానికి నొక్కి అచ్చువేస్తారు. క్యాబినులో ప్రత్యేక లెన్సు దాన్ని మళ్లీ విప్పుతుంది. నీళ్లు నింపిన బల్బు లెన్సుతో, గుమ్మంలో అద్దం పెట్టి ఎండ లోపలికి మళ్లించి, పంచె మీద పిల్లలు వేసిన ఇంటి సినిమాలో ఆ ప్రత్యేక లెన్సు లేదు, కాబట్టి అందరూ వెదురుబొంగుల్లా కనిపించారు. ముక్క తలకిందులుగా పెట్టాలన్నది అందరూ కనిపెట్టారు. బల్బునించి ముక్కకి దూరం మార్చి ఫోకసు పట్టాలన్నది కొందరే.

ఆ ముక్కలు ఇప్పటికీ ఏ డబ్బాలోనైనా ఉంటే మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఎసిటేట్ విరిగిపోతోంది, ఆ ఆవిరి పక్క ముక్కల్నీ పాడుచేస్తుంది. వాసన వచ్చేవి వేరు చేయండి, మిగతావి గాలాడే కాగితం కవర్లో, చల్లగా పొడిగా ఉన్నచోట పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టకండి.