చిన్న కార్ఖానాల్లో కార్మికుల ఆరోగ్యం: పేచీ మొదలైంది 2025లో కాదు, 1987లో

పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాక చిన్న యూనిట్లలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం గురించిన పాత గొడవ మళ్లీ రాజుకుంది. 40 ఏళ్లు దాటిన కార్మికులందరికీ ఏటా ఉచితంగా మెడికల్ చెకప్ చేయించాలన్నది ప్రభుత్వం గట్టిగా చెప్పుకుంటున్న హామీ. ఆ హామీ ఉన్న వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనే ఇంకో మార్పు కూడా ఉంది. దేన్ని ఫ్యాక్టరీ అనాలో తేల్చే లెక్కను అది పెంచేసింది. ఇదివరకు కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ, ఇప్పుడు 20 మంది ఉండాలి. కరెంటు వాడని చోట 20 ఉన్నది 40 అయింది. నవంబర్ 26న కేంద్ర కార్మిక సంఘాలు దేశమంతా నిరసనకు దిగినప్పుడు ఎత్తిచూపిన విషయాల్లో ఇదొకటి. భారతీయ మజ్దూర్ సంఘ్ మాత్రం కోడ్‌లను స్వాగతించింది.

1881 నాటి మొదటి ఫ్యాక్టరీల చట్టం నుంచి 1948 చట్టం వరకు జరిగింది చాలాసార్లు చెప్పుకున్నదే. 100 మంది దగ్గర మొదలైన లెక్క మెల్లగా దిగుతూ 10 దగ్గర ఆగింది. ఇప్పుడది తిరిగి పైకి వెళ్తోంది కాబట్టి వాదనంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతోంది. కానీ చిన్న కార్ఖానాలో దుమ్ము పీల్చే మనిషికి డాక్టరు ఎందుకు అందలేదన్నది ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. దానికి 1987కి వెళ్లాలి.

1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి భోపాల్‌లో విషవాయువు లీకైంది. ఆ దుర్ఘటన తర్వాత పార్లమెంటు 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన ప్రక్రియల కోసం ఒక అధ్యాయాన్నే కొత్తగా చేర్చింది. కార్మికుడు ఏ రసాయనంతో పనిచేస్తున్నాడో, దానివల్ల ఒంటికి ఏమవుతుందో యజమాని చెప్పి తీరాలని అందులో ఉంది. పనిలో పెట్టే ముందు ఒకసారి, పనిలో ఉన్నంతకాలం 12 నెలలు మించకుండా ఒకసారి, ఆ పని మానేశాక మరోసారి వైద్య పరీక్ష జరగాలి. ఆ ఆరోగ్య రికార్డును కార్మికుడు అడిగితే చూపించాలి. సిలికోసిస్ (రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు చెడటం), ఆస్‌బెస్టాసిస్ (ఆస్‌బెస్టాస్ నారతో అవి చెడటం), సీసం విషం ఎక్కడం లాంటి 29 జబ్బుల జాబితా కూడా చట్టానికి జతగా ఉంది. ఆ జబ్బు ఉన్న మనిషికి వైద్యం చేసిన ఏ డాక్టరైనా ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి.

కాగితం మీద ఇంతకంటే మంచి అధ్యాయం మన కార్మిక చట్టాల్లో లేదు. లోపం దాని పునాదిలో ఉంది. భోపాల్ ఒక పెద్ద కంపెనీ ప్లాంట్‌లో జరిగింది కాబట్టి, చట్టం రాసినవాళ్ల కళ్లముందు ఉన్నది కూడా పెద్ద ప్లాంటే. గేటు ఉంటుంది, హాజరు పట్టీ ఉంటుంది, జీతం ఇచ్చే యజమాని ఎవరో తెలుస్తుంది. ఆరోగ్య సేవ మొత్తాన్ని ఆ యజమాని మీదే పెట్టారు. ఆ తర్వాత వచ్చిన నమూనా నిబంధనలు చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీలో 200 మంది దాటితే ఫుల్ టైమ్ డాక్టరు, వృత్తి ఆరోగ్య కేంద్రం ఉండాలి. 51 నుంచి 200 వరకైతే వారానికి కనీసం రెండుసార్లు వచ్చే పార్ట్ టైమ్ డాక్టరు. 50 లోపైతే బయట తన క్లినిక్‌లోనే కూర్చునే డాక్టరుతో ఒప్పందం, ఒక ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దాన్ని వాడటం నేర్చుకున్న అయిదుగురు మనుషులు. ఆ కింద, ఫ్యాక్టరీ లెక్కలోకే రాని చోట ఏమీ లేదు.

ప్రమాదం తగ్గినకొద్దీ రక్షణ తగ్గితే అర్థం ఉంది. ఇక్కడ మనుషులు తగ్గినకొద్దీ రక్షణ తగ్గింది. ఆరుగురితో నడిచే రాయి కోసే షెడ్డులో గాలి, 600 మంది ఉన్న ఫ్యాక్టరీలో గాలి కంటే శుభ్రంగా ఉండదు. చాలాసార్లు అధ్వానంగా ఉంటుంది, ఎందుకంటే దుమ్ము లాగేసే యంత్రం కొనే స్తోమత ఆ షెడ్డు ఓనరుకు ఉండదు.

వేరే దారి అప్పటికి ఎవరికీ తోచలేదని అనుకోవడానికి లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లోనే, అంటే మన సవరణకు రెండేళ్ల ముందు, వృత్తి ఆరోగ్య సేవల మీద 161వ ఒడంబడికను ఆమోదించింది. ఈ సేవలు క్రమంగా కార్మికులందరికీ అందాలని, వాటిని యజమానులే కాక ప్రభుత్వ సంస్థలు, సామాజిక భద్రతా సంస్థలు కూడా నడపవచ్చని అందులో ఉంది. ఫిన్లాండ్ 1978లోనే చట్టం చేసింది. ఒక్క ఉద్యోగి ఉన్నా యజమాని ఈ సేవ ఏర్పాటు చేయాలి, సొంతంగా చేయలేని చిన్నవాళ్లకు స్థానిక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం దాన్ని అందించాలి, ఖర్చులో కొంత సామాజిక బీమా తిరిగి ఇస్తుంది. చిన్న యజమాని వల్ల కాదని గుర్తించి, ఆ ఖాళీని ప్రభుత్వం పూరించిన పద్ధతి అది. 161వ ఒడంబడికను భారత్ ధ్రువీకరించలేదు.

ఫిన్లాండ్ దాకా పోనక్కర్లేదు, మన దగ్గరే ఇంకా పాత ఉదాహరణ ఉంది. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు లక్షల మంది ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. పొగాకు దుమ్ము, మెడ నొప్పి, నడుము నొప్పి, దమ్ము ఆ పనితో వచ్చేవే. వాళ్ల ఇల్లు ఏ లెక్కన చూసినా ఫ్యాక్టరీ కాదు. అయినా 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. తయారైన వెయ్యి బీడీలకు ఇంత అని కంపెనీ నుంచి సెస్సు వసూలు చేసి, ఆ డబ్బుతో డిస్పెన్సరీలు, ఆసుపత్రులు, టీబీ చికిత్సకు సాయం, పిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చారు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి కావాల్సింది బీడీ కార్మికురాలన్న గుర్తింపు కార్డు. ఆమెకు పని ఇచ్చే టేకేదారు (కాంట్రాక్టరు) దగ్గర ఎంతమంది చుడుతున్నారని డిస్పెన్సరీలో ఎవరూ అడగరు. అంతకుముందే, 1946లో, అభ్రకం గనుల కార్మికులకు ఇలాంటి నిధి పెట్టారు. నెల్లూరు జిల్లా గనులవాళ్లకు ఆ సంగతి తెలుసు.

ఆ డిస్పెన్సరీల్లో లోటుపాట్లు చాలా ఉన్నాయి. డాక్టరు లేని రోజులు, మందులు లేని రోజులు ఉన్నాయి. ఆ పద్ధతి మాత్రం సరైనదని నా అభిప్రాయం. సరుకు మీద డబ్బు వసూలు చేసి, మనిషికి సేవ ఇవ్వాలి. 1987లో పార్లమెంటు ముందు ఈ నమూనా ఉంది. రాళ్లు కొట్టేవాళ్లకు, పలకలు చేసేవాళ్లకు, ఇటుక బట్టీల్లో, ఫౌండ్రీల్లో, పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాళ్లకు దాన్ని విస్తరించి ఉంటే ఇవాళ్టి చర్చ వేరేలా ఉండేది. దానికి బదులు యజమాని జీతమిచ్చే డాక్టరు చాలనుకున్నారు. జీఎస్టీ వచ్చిన 2017లో బీడీ సెస్సునే రద్దు చేశారు. అప్పటి నుంచి బీడీ కార్మికుల వైద్యం కేంద్ర బడ్జెట్‌లో ఏటా ఎంత రాస్తే అంత. పన్నుల సంస్కరణగా చూసినవాళ్లకు అది చిన్న సవరణ. విడివిడిగా ఇళ్లలో పనిచేసేవాళ్ల ఆరోగ్యానికి చట్టంతో ముడిపడిన ఆదాయం పోయిందని ఆనాడు గట్టిగా మాట్లాడినవాళ్లు తక్కువ.

ఈ లోపాన్ని న్యాయస్థానం ఒకసారి పట్టుకుంది. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద ప్రాథమిక హక్కని చెప్పింది. తెలుగువాడైన జస్టిస్ కె. రామస్వామి రాసిన తీర్పు అది. కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏళ్లు దాచాలని అందులో ఉంది, ఎందుకంటే ఆస్‌బెస్టాస్ జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. ఈ రక్షణల్లోకి చిన్న తరహా ఫ్యాక్టరీలను కూడా తేవడాన్ని కేంద్రం, రాష్ట్రాలు పరిశీలించాలని కూడా ఆదేశించింది. తీర్పులో ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నది హక్కు గురించిన మాట. చిన్న ఫ్యాక్టరీల మాట వెనకబడింది.

దాని ఫలితం గుజరాత్‌లో కనిపించింది. మధ్యప్రదేశ్‌లోని అలీరాజ్‌పూర్, ఝాబువా, ధార్ జిల్లాల ఆదివాసులు వలస వెళ్లి గోధ్రా, బాలాసినోర్ వైపు క్వార్ట్జ్ రాయి పొడి చేసే యూనిట్లలో పనిచేశారు. సిలికా పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, వయసులో ఉన్నవాళ్లు ఊళ్లకు తిరిగొచ్చి చనిపోయారు. ఈ విషయం 2006లో సుప్రీంకోర్టుకు వెళ్తే, 238 మంది మృతుల కుటుంబాలకు 3 లక్షల రూపాయల చొప్పున గుజరాత్ ప్రభుత్వం ఇవ్వాలని 2016లో ఆదేశం వచ్చింది. పదేళ్లు పట్టింది. సిలికోసిస్‌ను మొదట్లో టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులే వాడటం దేశమంతా జరుగుతున్నదే. ఎక్స్‌రేలో రెండూ దగ్గరగా కనిపిస్తాయి, పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తేలిగ్గా సోకుతుంది. నువ్వేం పని చేస్తావని డాక్టరు అడిగితేనే తేడా దొరుకుతుంది. ఆ ప్రశ్న అడిగే శిక్షణ ఉన్న డాక్టర్లను 1987 చట్టం ఫ్యాక్టరీలకు పంపింది, జబ్బుపడిన మనిషి వెళ్లే సర్కారు ఆసుపత్రికి పంపలేదు.

రాజస్థాన్ 2019లో ఇంకో దారి పట్టింది. దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల మీద విధానం తెచ్చి, కార్మికుడు తానే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే జిల్లా వైద్య బోర్డు పరీక్షించేలా చేసింది. జబ్బు ఉందని తేలితే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు, నెలనెలా పింఛను. ఫలానా ఓనరు దగ్గర పనిచేశానని నిరూపించుకునే అగత్యాన్ని అది తగ్గించింది. జబ్బు వచ్చాక ఆదుకునే ఏర్పాటే ఇది, జబ్బు రాకుండా చూసేది కాదు. ఇదే రాజస్థాన్ 2014లో ఫ్యాక్టరీ లెక్కను 20, 40కి పెంచిన రాష్ట్రం కూడా.

చిన్న యూనిట్ల యజమానులు చెప్పేది ఇది: లాభం అంతంతమాత్రం, రిజిస్టర్లు, ఇన్‌స్పెక్టర్ల తనిఖీలు పెద్ద కంపెనీలతో సమానంగా మోయలేం, 10 దాటితే చట్టాలన్నీ మీద పడతాయన్న భయంతో మనుషులను పెంచుకోవడం లేదు. తొమ్మిది మందితో ఆపేసి, పక్క గదికి ఇంకో పేరు పెట్టి మరో తొమ్మిది మందిని తీసుకోవడం మన పారిశ్రామికవాడల్లో ఎవరికీ కొత్త కాదు. ప్రభుత్వం మాట ఏమిటంటే, యజమాని ప్రాథమిక బాధ్యతలున్న అధ్యాయం 10 మంది ఉన్న చోటికీ వర్తిస్తుంది, ప్రాణాపాయమైన పనుల్లో ఒక్క కార్మికుడున్నా కోడ్‌ను వర్తింపజేసే అధికారం తన దగ్గర ఉంది. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) విషయంలోనూ ప్రమాదకరమైన పనికి ఒక్కరున్నా చాలంటోంది.

కార్మిక సంఘాలు, వృత్తి ఆరోగ్యం మీద పనిచేసే డాక్టర్లు దీనికి చెప్పే జవాబు చట్టం వివరాల్లో ఉంది. 12 నెలలకోసారి తప్పనిసరి పరీక్ష అన్న 1987 నాటి ఏర్పాటు కొత్త కోడ్‌లోనూ ఉంది, కాకపోతే ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలకే. ఫ్యాక్టరీ అంటే ఇప్పుడు 20 మంది. కరెంటు వాడుతూ 10 నుంచి 19 మందితో నడిచే యూనిట్ ప్రత్యేక నోటిఫికేషన్ ఉంటే తప్ప దాని కిందకు రాదు. వాళ్లకు మిగిలేది 40 దాటినవాళ్లకు చేసే వార్షిక చెకప్. షుగరు, బీపీ, గుండె జబ్బులకు 40 సరైన వయసే. సిలికాకు కాదు. మామూలుగా ఆ జబ్బు బయటపడటానికి 10 ఏళ్లు, ఆపైన పడుతుంది. దుమ్ము విపరీతంగా ఉంటే 5 నుంచి 10 ఏళ్లలోనే, ఇంకా తీవ్రమైతే కొన్ని నెలల్లోనే ముదురుతుంది. 18 ఏళ్లకు క్రషర్‌లో చేరిన కుర్రాడికి 30 నిండకముందే ఊపిరి అందకపోవచ్చు. అతని మొదటి ఉచిత పరీక్షకు అప్పటికి ఇంకా పదేళ్లుంటుంది. సిలికోసిస్‌కు మందు లేదు కాబట్టి తొందరగా పట్టుకుని దుమ్ము నుంచి మనిషిని తప్పించడమే వైద్యం. అందుకే పరీక్ష ఎప్పుడన్నది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

ఈ వాదనే బలమైనదని నేను అనుకుంటున్నాను. కాకపోతే సంఘాలు కూడా 20ని మళ్లీ 10 చేయమనే దగ్గరే ఆగిపోతున్నాయి. 2013-14లో జరిగిన ఆరో ఆర్థిక గణన ప్రకారం దేశంలో 5.85 కోట్ల సంస్థలుంటే, వాటిలో 10 అంతకంటే ఎక్కువమంది పనిచేసేవి 1.37 శాతం. 95 శాతానికి పైగా సంస్థల్లో ఉన్నది అయిదుగురు, లేదా అంతకంటే తక్కువ. ఇందులో కిరాణా కొట్లూ ఉన్నాయి, యాసిడ్‌తో నగలకు మెరుగు పెట్టే గదులూ ఉన్నాయి. పాత లెక్కకు తిరిగి వెళ్లినా ఆ గదుల్లోకి డాక్టరు రాడు.

ఒక్కరున్నా వర్తింపజేయవచ్చన్న అధికారం కూడా కొత్తది కాదు. 1948 చట్టంలోని 85వ సెక్షన్ రాష్ట్రాలకు అలాంటి అధికారమే ఇచ్చింది, కొన్ని రాష్ట్రాలు కొన్ని పనులకు వాడాయి కూడా. నోటిఫికేషన్ ఇచ్చాక ఆ షెడ్డుకు వెళ్లి పరీక్ష చేసేదెవరో అందులో లేదు. కొత్త కోడ్ కూడా ఎవరికి, ఏ వయసులో, ఏ పరీక్షలన్నది నిబంధనలకే వదిలింది. ఆ నిబంధనల్లో చూడాల్సినవి రెండు. రాయి, సిలికా, ఆస్‌బెస్టాస్, సీసం పనులకు వయసు పరిమితి తీసేస్తారా అన్నది ఒకటి. పరీక్ష చేసే బాధ్యతను ఊళ్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ఈఎస్‌ఐ డిస్పెన్సరీకో డబ్బుతో సహా అప్పగిస్తారా, లేక తొమ్మిది మందిని పెట్టుకున్న ఓనరు తనంతట తానే డాక్టరును వెతుక్కోవాలంటారా అన్నది రెండోది.