మసిగుడ్డ చెప్పే సంగతులు: పెద్దవాళ్ళ వంటింటి సామాను మీద అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఏ వంటింట్లోకి తొంగిచూసినా పొయ్యి పక్కన మసిగుడ్డ ఉంటుంది. వంట సామాను తయారుచేసేవాళ్ళు ముందుగా చూడాల్సింది దాన్నే. మసిగుడ్డ ఎక్కడ చేతిలోకి వచ్చిందో అక్కడ పిడి కాలుతోందని లెక్క. సీసా మూతకి రబ్బరు బ్యాండు చుట్టి ఉంటే ఆ మూత చేతికి తిరగడం లేదు. కత్తిపీట నేల మీంచి మంచం మీదకి ఎక్కిందంటే మోకాళ్ళు వంగడం లేదు. డెబ్భై ఏళ్ళ మామ్మగారు గిన్నె బాగోలేదని ఎవరికీ చెప్పరు, "పెద్దదాన్నయిపోయానమ్మా" అని తనమీదే వేసుకుని ఏదో ఒకలా సర్దుకుంటారు. ఆ సర్దుబాట్లు చూడకుండా చేసిన వస్తువులకే "ఇది పెద్దవాళ్ళకి భలే ఉంటుందండి" అనే మాట తోడవుతుంది. కింద రాసిన అపోహల్లో కొన్ని కొనిపెట్టే పిల్లలవి, కొన్ని తయారుచేసేవాళ్ళవి.

అపోహ: గిన్నె తేలికైతే సగం సమస్య తీరినట్టే.

వాస్తవం: గంజి వార్చే లెక్క చూడండి. అర్ధకేజీ బియ్యం, రెండున్నర లీటర్ల నీళ్ళు, ముప్పావుకేజీ గిన్నె. ఆవిరి పోయినా దించేటప్పటికి మూడున్నర కేజీల దాకా ఉంటుంది. రేకు పల్చన చేసి గిన్నెలో పావుకేజీ తగ్గించారే అనుకోండి, మొత్తంలో తగ్గింది పద్నాలుగో వంతు. దానికి బదులు అడుగు వంకరపోయి పొయ్యి మీద గిన్నె ఊగుతుంది, అంచు వేళ్ళకి కోసుకుంటుంది.

అసలు ఇబ్బంది బరువు ఒక్కటే కాదు. వార్చేటప్పుడు రెండు చేతులు మూడు పనులు చేస్తాయి: బరువు మోయడం, సిబ్బి (వార్చే చిల్లుల మూత) జారకుండా అదమడం, మణికట్టు తిప్పి వంచడం. ఆవిరి మొహానికి కొట్టగానే తల వెనక్కి పోతుంది, దాంతో అదిమిన వేలు సడలుతుంది, సిబ్బి పక్కకి జరుగుతుంది. మెతుకులతో సహా గంజి తూములోకో, పాదం మీదకో పడుతుంది. 60 డిగ్రీల నీళ్ళు 5 సెకన్లు తగిలితేనే చర్మం లోతుగా కాలుతుంది. వార్చే గంజి అంతకంటే చాలా వేడి, పైగా చిక్కగా ఉండి నీళ్ళలా జారిపోకుండా అంటుకుంటుంది. వయసుతో చర్మం పల్చబడుతుంది కాబట్టి గాయం ఇంకా లోతుకి దిగుతుంది.

అందుకని ఆ మూడు పనులనీ విడదీయాలి. సిబ్బిని చెయ్యి అదిమే అవసరం లేకుండా, పావు తిప్పు తిప్పితే గిన్నె అంచుకి పడిపోయే గాడి పెట్టాలి. చిల్లులు మూత మొత్తానికి కాకుండా వంచే వైపు సగానికే ఉంటే, ఆవిరి మనిషి వైపు రాదు. చిల్లు మూడు మిల్లీమీటర్లకి మించితే సన్నబియ్యం మెతుకులు పోతాయి, మరీ తగ్గితే గంజి పట్టి పూడుకుపోతుంది. చెవులు నాలుగు వేళ్ళూ దూరేలా 10 సెంటీమీటర్ల వెడల్పు, గిన్నె గోడకి 4 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఆ ఎడం లేకపోతే వేలి కణుపులు గోడకి తగులుతాయి, మళ్ళీ మసిగుడ్డే గతి. చెవులు రివిట్లతో బిగించాలి. చుక్క వెల్డింగు ఖాళీ గిన్నెకి ఆగుతుంది గాని, నిండు గిన్నెని రోజూ వంచుతుంటే ఊడుతుంది. నింపిన బరువుకి రెండింతలు వేలాడదీసి ఒక రాత్రంతా ఉంచి చూస్తే చాలావరకు బయటపడుతుంది. తణుకు పక్కన అజ్జరంలో ఇత్తడి పనివాళ్ళు గుండిగలకి ఇలాంటి చెవులు కొట్టడం కొత్తేమీ కాదు, కొలత చెబితే చాలు.

మోసే పని కూడా తప్పించాలంటే సింకులో నిలబడే ఊయల స్టాండు ఉంది. రెండు పక్కలా ఇరుసులు, మధ్యలో గిన్నె. ఇరుసు నిండు గిన్నె బరువుకేంద్రానికి కాస్త పైన ఉండాలి. అప్పుడు చెయ్యి వదిలినా గిన్నె తనంతట తానే నిటారుకి వస్తుంది. ఇరుసు కిందికి దిగితే కథ తిరగబడుతుంది, గిన్నె దానంతట అదే బోర్లా పడుతుంది. నకలు కొట్టి చేసినవాళ్ళు తప్పేది ఇక్కడే.

ఇవేవీ లేకుండా దారి లేదా అంటే ఉంది. గంజి వార్చే పని లేకుండా అత్తెసరు పెట్టుకోవడం, లేదా అర్ధకేజీ ఒకేసారి కాకుండా పావుకేజీ చొప్పున రెండుసార్లు వండటం. గంజి తాగే ఇంట్లో మొదటిది చెల్లదనుకోండి.

అపోహ: పట్టకారు ఉందిగా, ఏ గిన్నైనా దించొచ్చు.

వాస్తవం: పట్టకారు పట్టేది అంచుని, అదీ మనం నొక్కి ఉంచినంతసేపే. గిన్నె పొయ్యి మీంచి గట్టుకి వచ్చేదాకా వేళ్ళ బిగువు సడలకూడదు. పిడికిలి బలం తగ్గిన చేతిలో అది సగం దారిలో తెరుచుకుంటుంది. రెండు కేజీలు దాటిన దేనికీ పట్టకారుని నమ్మొద్దు. అంచు వంచని గిన్నెకైతే అసలొద్దు.

అపోహ: కత్తిపీట ప్రమాదం, పెద్దవాళ్ళకి చాకు ఇవ్వాలి.

వాస్తవం: ఇది చాలామంది నమ్మే తప్పు. చాకుతో కోసేటప్పుడు ఒక చెయ్యి పిడిని బిగిస్తుంది, ఇంకో చెయ్యి కాయని వేళ్ళ కొసలతో అదుముతుంది. బొటనవేలి కొసన ఒక కేజీ బలం పెడితే ఆ వేలి మొదట్లో ఉన్న కీలు మీద దానికి పది రెట్లకి పైగా పడుతుంది. ఆడవాళ్ళలో కీళ్ళ అరుగుదల ఎక్కువగా కనిపించే చోట్లలో అదొకటి. కత్తిపీటలో కత్తి కదలదు. కందైనా, అరటికాయైనా, చేపైనా రెండు చేతులా నిండుగా పట్టుకుని భుజాల బలంతో తోస్తారు. వేళ్ళ మీద పడే భారం తక్కువ. పైగా యాభై ఏళ్ళ చేతివాటం, దాన్ని ఒక్కరోజులో మార్చమంటే కొత్త చాకుతోనే వేలు తెగుతుంది.

కత్తిపీటలో నిజంగా ప్రమాదకరమైనవి వేరే: నేల మీంచి లేవడం, మడత బందు వదులై కత్తి ఊగడం, పనయ్యాక తెరిచి వదిలేయడం. కాబట్టి పీటని బల్ల ఎక్కించాలి. 43-45 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీకి 60-65 సెంటీమీటర్ల బల్ల సరిపోతుంది. నేల మీదైతే పీటని కాలు తొక్కిపెట్టేది. బల్ల మీద ఆ పని బిగింపులు చెయ్యాలి, అవి రెండు ఉండాలి. ఒక్కటే పెడితే దాని చుట్టూ పీట తిరుగుతుంది. పీట మందం కలిసి కత్తి పదును ఛాతీ కంటే కిందనే ఉండాలి. కత్తికి ఎర్రటో పచ్చటో తొడుగు, పీటకే తాడుతో కట్టి ఉంచాలి. విడిగా ఇచ్చిన తొడుగు రెండో వారానికి కనబడదు.

అపోహ: అడుగున రబ్బరు గిన్నె ఉన్న కొబ్బరి కోరాం ఎక్కడైనా అతుక్కుంటుంది.

వాస్తవం: పాలిష్ గ్రానైటు మీద, తుడిచి కాస్త తడి చేస్తే అతుక్కుంటుంది. కడప రాయి మీద, టైల్సు అతుకుల మీద గాలి దూరి వదిలేస్తుంది. కొబ్బరి నూనె జిడ్డు పేరుకున్నా అంతే. రబ్బరు గట్టిపడ్డాక ఎక్కడా పట్టదు. దాని మీట నొక్కడానికి కావలసిన బలం కూడా బొటనవేలిదే, అదే అరిగిన కీలు. గట్టు అంచుకి బిగించేదే మేలు. అంచు రెండు పలకలు కలిపి కట్టినచోట 4 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి బిగింపు నోరు 5 సెంటీమీటర్లైనా తెరుచుకోవాలి. తిప్పే పిడి 10 సెంటీమీటర్ల నించి 15కి పెంచితే పెట్టాల్సిన బలం మూడో వంతు తగ్గుతుంది. ఇంత చవకైన మార్పు ఇంకోటి లేదు, అయినా ఎవరూ చెయ్యరు.

అపోహ: లావాటి మెత్తటి రబ్బరు పిడి అన్నిటికీ మంచిది.

వాస్తవం: 30 నించి 40 మిల్లీమీటర్ల లావు దాకా పట్టు సుఖంగా ఉంటుంది, అక్కణ్ణించి వేళ్ళు చుట్టూ రావు. గుండ్రటి పిడి తడిచేతిలో తిరిగిపోతుంది, కోలగా ఉన్నది నిలుస్తుంది. 1990లో అమెరికాలో శామ్ ఫార్బర్ ఆక్సో పేరుతో తెచ్చిన తొక్కతీసే చాకు పిడి కోలగానే ఉంటుంది. భార్యకి కీళ్ళవాతం ఉండి మామూలు చాకుతో ఇబ్బంది పడటం చూసి మొదలుపెట్టారు. దాన్ని రోగుల సామానుగా కాకుండా అందరూ కొనేదిగా అమ్మారు. మన దగ్గరా అంతే. "ముసలివాళ్ళ కోసం" అని పెట్టె మీద రాస్తే ఆ పెట్టె అటకెక్కుతుంది.

మెత్తటి రబ్బరు సంగతి: చవకరకం నూనె పీల్చి ఉబ్బి జిగురెక్కుతుంది, డెల్టా ఉక్కలో ఇంకా త్వరగా. సిలికాన్ నిలుస్తుంది, కాని నున్నగా వదలకుండా గాళ్ళు ఉండాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ముందు పోయేవి స్క్రూలు. 304 రకం స్టీలు అడగండి. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని షాపులో చూపిస్తారు. 200 వరస చవక స్టీలుకీ అది అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో ఏమీ తేలదు.

అపోహ: ఇండక్షన్ పెట్టేస్తే నిశ్చింత.

వాస్తవం: మంట లేదు, చీరకొంగు అంటుకోదు, గిన్నె తీస్తే ఆగిపోతుంది. ఇవి నిజం. మిగతా సంగతులు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. నున్నటి గాజు మీద తాకే మీటలు చూపు తగ్గినవాళ్ళకి చేతికి తెలియవు, వేలు తడిగా ఉంటే పనిచేయవు. తిప్పే మీట ఉన్న మోడలే తీసుకోండి. గిన్నె తీశాక కూడా గాజు కాలుతూనే ఉంటుంది, ఎర్రబడదు కాబట్టి తెలియదు. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు కరుగుతుంది, 16 ఆంపియర్లది పెట్టించాలి. ఇత్తడి, సత్తు గిన్నెలు పనికిరావు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే పొయ్యికి 60 సెంటీమీటర్ల దూరం ఉండాలంటారు, వండే మనిషికి అది కుదరని పని. వరదలకి రోజుల తరబడి కరెంటు పోయే లంక గ్రామాల్లో గ్యాసు ఎలాగూ ఉంచుకోవాలి.

అపోహ: గ్యాసు లీకైతే వాసనొస్తుందిగా.

వాస్తవం: ఆ వాసన గ్యాసుది కాదు, కలిపింది. పసిగట్టే ముక్కు వయసుతో మొద్దుబారుతుంది. ఈ గ్యాసు గాలికంటే బరువు, నేల మీద పేరుకుంటుంది. అందుకే హెచ్చరిక యంత్రం నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తున పెట్టాలి, గోడమీద పైన పెడితే దండగ. నేల కడిగినప్పుడు నీళ్ళు చిమ్మే మూల కూడా వద్దు. మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగే పొయ్యిలు వస్తున్నాయి. వెలిగించాక మీటని కొన్ని సెకన్లు నొక్కి ఉంచాలి, ఆ సంగతి చెప్పకపోతే "వెలగట్లేదు" అని మూలన పడేస్తారు. గొట్టం 5 ఏళ్ళకొకసారి మార్చాలి. లీకైతే 1906కి ఫోను, అదీ ఇంటి బయటికొచ్చాక.

అపోహ: విజిళ్ళు లెక్కపెడితే చాలు, లేదంటే టైమరు కొనిద్దాం.

వాస్తవం: వయసుతో ముందు పోయేది సన్నటి కీచుశబ్దాల వినికిడి. చిన్న ఎలక్ట్రానిక్ టైమర్లు మోగేది సరిగ్గా ఆ స్థాయిలోనే. తిప్పి వదిలితే గంట కొట్టే పాతరకం మెరుగు. కుక్కరు మూత తిరగనని మొండికేస్తే చేతిని కాదు, గాస్కెట్‌ని చూడండి. గట్టిపడితే మార్చడమే. పప్పుకి కుక్కరు సగానికి మించి నింపకూడదు, నురగ పొంగి వెయిటు రంధ్రం పూడుకుంటుంది.

అపోహ: గట్టు ఎత్తుగా ఉంటే నడుం వంగక్కర్లేదు.

వాస్తవం: కూర తరగడానికి నిజమే, వండటానికి కాదు. 152 సెంటీమీటర్ల మనిషికి మోచెయ్యి 96 దగ్గర, భుజం 124 దగ్గర ఉంటాయి. గట్టు 86, దాని మీద పొయ్యి 14, గుండిగ 20 కలిపితే అంచు 120. అంటే మరుగుతున్న గిన్నెలో గరిటె తిప్పడానికి చెయ్యి భుజందాకా లేవాలి, లోపలేముందో కనబడదు. పీట ఎక్కి వండటం పరిష్కారం కాదు, ఆ పీటే పడేస్తుంది. పొయ్యి ఉండే భాగాన్ని 70 సెంటీమీటర్లకి దించి కట్టించాలి. బర్నరు మాత్రం సిలిండరు రెగ్యులేటరు కంటే పైనే ఉండాలి. నిండు సిలిండరు దాదాపు 30 కేజీలు, కింద చక్రాల బండి పెట్టండి. కట్టుబడి మార్చలేకపోతే 12 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న వెడల్పు గిన్నెలకి మారండి.

దీపం మాట కూడా ఇక్కడే. అరవై ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుగు ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే మూడో వంతు. వీపు వెనక ట్యూబులైటు ఉంటే వండే మనిషి తన నీడలోనే తరుక్కోవాలి. అర కింద, గట్టుకి ముందువైపు ఎల్‌ఈడీ పట్టీ పెట్టాలి, బల్బు కంటికి కొట్టకుండా. స్టీలు డబ్బాలో స్టీలు మూత, స్టీలు మీద చెక్కిన కొలత గీతలు, నల్ల పొయ్యి మీద నల్ల మీటలు కనబడవు. మీట ఆపు స్థానంలో ఒక బుడిపె అతికిస్తే చేతికే తెలుస్తుంది.

ఆవకాయ జాడీ అటక మీంచి దించే పని ఏ వస్తువూ తేలిక చెయ్యలేదు. అరకేజీ వెడల్పు మూతి సీసాల్లోకి తీసుకుని జాడీని కిందనే ఉంచాలి. సీసాకి రేకు మూత వద్దు, ఉప్పుకీ పులుపుకీ తుప్పుపడుతుంది.

పరీక్ష ఎలా చెయ్యాలని తయారీదారులు అడుగుతారు. కుర్రాళ్ళకి మందపాటి చేతితొడుగులు వేయించి చేసేది మొదటి రోజు తప్పులు ఏరడానికే పనికొస్తుంది. ఆ తర్వాత అరవై అయిదు దాటిన ఎనిమిది పదిమంది కావాలి, ఎవరి వంటింట్లో వాళ్ళు, సాయంత్రం వెలుగులో, చేతికి నువ్వులనూనె రాసుకుని. ఎలా వాడాలో చెప్పకూడదు. మూడుసార్లు చేయించి, ఎక్కడ ఆగారో, రెండో చెయ్యి ఎప్పుడొచ్చిందో, మసిగుడ్డ ఎన్నోసారికి తీశారో రాసుకోవాలి. "బాగుందమ్మా" అన్న మాట లెక్కలోకి రాదు, గోదావరి వాళ్ళు మర్యాదకి అందరితోనూ అదే అంటారు. నెల తర్వాత చెప్పకుండా వెళ్ళి, ఆ గిన్నె గట్టు మీద ఉందో అటక మీద ఉందో చూడాలి.