సూర్యుడికి దగ్గరైతే చలి ఎందుకు?

పిల్లలూ,

ఉగాది వెళ్లాక నేను ఉత్తరాఖండ్‌లో చంద్రశిల ఎక్కి వచ్చాను కదా, ఆ ఫొటోలు చూసి మా తార్నాక అపార్ట్‌మెంట్‌లో మూడో తరగతి చదివే పాప అడిగింది: "తాతా, కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి అక్కడ మంచెందుకుంది? మనకిక్కడ ఫ్యాన్ కింద కూడా చెమటలు పోస్తున్నాయి." లిఫ్ట్‌లో చెప్పేసే జవాబు కాదు, అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. చంద్రశిల ఎత్తు దాదాపు 4 కిలోమీటర్లు. అంత దూరంలో ఈ నాలుగూ తగ్గితే ఎంత, తగ్గకపోతే ఎంత?

అసలు సంగతి గాలిలో ఉంది. మా అమ్మమ్మ ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంతలు మంచం మీద ఒకదానిపై ఒకటి పేర్చి, మధ్యమధ్య వేపాకు పెట్టేవారు. దాగుడుమూతల్లో నేను వాటి అడుగున దూరితే రెండు నిమిషాల్లో ఒళ్లంతా చెమట, పైగా ఊపిరాడేది కాదు, అయినా బయటికి వచ్చేవాణ్ని కాదు, అమ్మమ్మే చెవి పట్టుకుని లాగేది. గాలి కూడా ఆ బొంతల దొంతరే. అడుగు బొంత పైవాటి బరువుకి అణిగి దట్టంగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ వదులు, పల్చన. ఎండ చాలావరకు బొంతలన్నీ దాటి వచ్చి నేలను కాలుస్తుంది, ఆ నేల వేడి కింది నుంచి బొంతలకు ఎక్కుతుంది. హైదరాబాద్‌లో మనం ఉండేది దాదాపు అడుగు బొంతలో. చంద్రశిల మీద నిలబడితే మన పైన సగానికి కాస్త ఎక్కువ బొంతలే మిగులుతాయి, అందుకే వేడీ ఆగదు, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది.

మరి కింది వేడి గాలి పైకి లేస్తుంది కదా అంటారు. లేస్తుంది. కానీ పైకి వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గి అది వ్యాకోచిస్తుంది, అంటే ఉబ్బి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ వ్యాకోచానికే తన వేడిని ఖర్చు పెట్టుకుంటుంది. కిలోమీటరు ఎక్కితే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. చిన్నప్పుడు మౌలాలి గుట్ట మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కితే అరికాళ్లు కాలిపోయేవి, పైన చల్లదనం ఏమీ తెలిసేది కాదు, ఎందుకంటే ఆ గుట్ట ఎత్తుకి ఒక డిగ్రీ కూడా తగ్గదు.

కొండ కింద ఉన్న చోప్తా నుంచి చంద్రశిల శిఖరానికి దారి ఐదు కిలోమీటర్లే, కానీ మంచులో అది రోజంతా పట్టే నడక. చీకటి ఉండగానే బయల్దేరాం, ఎందుకంటే రాత్రి గట్టిపడ్డ మంచు మధ్యాహ్నానికి మెత్తబడి మోకాళ్ల దాకా దిగబడిపోతుంది. కింద బురాన్ష్ చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి, పైన తుంగనాథ్ గుడి ఇంకా తెరవలేదు, చలికాలంలో స్వామిని కిందున్న మక్కుమఠ్ ఊరికి తీసుకెళతారు. గైడ్ ఆగమన్నచోట ఆగాలి, వెనక్కి తిరగమంటే తిరగాలి, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. బిస్కెట్ కవర్లు జేబులో వేసుకుని కిందికి తెచ్చేయాలి.

శిఖరం మీద నందాదేవి, త్రిశూల్, చౌఖంబా వరుసగా కనిపించాయి. చేతివేళ్లు కొంకర్లు పోతున్నాయి, అదే నిమిషంలో మొహం మండిపోతోంది! కొత్త మంచు తన మీద పడ్డ ఎండలో చాలా భాగాన్ని తిప్పి మన మీదికే కొడుతుంది, అందుకే నల్ల కళ్లద్దాలు లేకుండా వెళ్లకూడదు. ఇంకా చెప్పొచ్చు గానీ, అంత తెల్లదనం ముందు నిలబడ్డాక నాకైతే లెక్కలేవీ గుర్తు రాలేదు, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

ఈ ఆదివారం సైకిల్ షాపుకి వెళ్లి, బాగా గాలి కొట్టిన టైరు వాల్వ్ నొక్కి, బయటికి వచ్చే గాలికి వేలు అడ్డం పెట్టండి. చల్లగా తగులుతుంది, వ్యాకోచించే గాలి చేసే పని అదే. తర్వాత భువనగిరి గుట్ట ఎక్కండి. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణ రాళ్లెక్కడం నేర్చుకున్నది అక్కడే. పొద్దున ఏడింటికల్లా మొదలుపెట్టండి, నీళ్లు, టోపీ తీసుకెళ్లండి, ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు వెంట ఉండాలి.

మీ తాతయ్య