ఎలక్ట్రాన్ పాములా మెలికలు తిరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నడపడం నా ఉద్యోగం. ల్యాబు చూడటానికి వచ్చే విద్యార్థులంతా తరంగ-కణ స్వభావం (ఎలక్ట్రాన్ కణంలానూ, తరంగంలానూ ప్రవర్తించడం) గురించి ఇంటర్‌లో చదువుకున్నవారే. అయినా ఎలక్ట్రాన్ ప్రయాణాన్ని గీయమంటే చాలామంది మెలికల గీతే గీస్తారు.

అపోహ: తరంగం అంటే ఎలక్ట్రాన్ వంకరటింకరగా వెళ్లడం.

వాస్తవం: ఆ మెలిక ఎలక్ట్రాన్ నడిచే దారి కాదు. తెర మీద అది ఎప్పుడు పడినా ఒక్కచోట, ఒక చుక్కగా పడుతుంది. ఎక్కడ పడే అవకాశం ఎంత అన్నది మాత్రం తరంగం లెక్క. 200 కిలోవోల్టులతో వేగం పెంచిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం సుమారు 2.5 పికోమీటర్లు (పికోమీటరు అంటే మీటరులో లక్ష కోట్లవ వంతు). గదిలో దీపాలు ఆర్పి, పలుచని బంగారు పొర గుండా ఎలక్ట్రాన్ల పుంజాన్ని పంపితే, ఆకుపచ్చగా వెలిగే తెర మీద ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు తేలతాయి. గోళీలు విసిరితే వలయాలు రావు.

అపోహ: బోలెడు ఎలక్ట్రాన్లు ఒకదానినొకటి తోసుకుంటేనే ఆ వలయాలు వస్తాయి.

వాస్తవం: చురుకైన విద్యార్థులకే వచ్చే అనుమానమిది, నాకు ఇష్టమైనది కూడా. లెక్క వేద్దాం. పుంజంలో విద్యుత్ ప్రవాహం 1 నానోఆంపియర్ అనుకుంటే, సెకనుకు సుమారు 600 కోట్ల ఎలక్ట్రాన్లు. గుంపే అనిపిస్తుంది. కానీ వాటి వేగం సెకనుకు 2 లక్షల కిలోమీటర్లకు పైనే! భాగించి చూస్తే రెండు ఎలక్ట్రాన్ల మధ్య సగటున 3 సెంటీమీటర్ల ఎడం. నమూనా మందమేమో మిల్లీమీటరులో పదివేలవ వంతు. ఒకటి దాటిపోయాక ఎప్పటికో ఇంకొకటి వస్తుంటే తోసుకోవడానికి పక్కన ఏముంది? 1989లో హిటాచీ సంస్థలో అకిరా తోనోమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపి చూపించింది. మొదటి చుక్కలు చల్లిన ఆవాల్లా చిందరవందరగా ఉంటాయి. వేలకొద్దీ పడ్డాక, ఆ వలయాల్లాగే తరంగ స్వభావానికి గుర్తైన చారలు బయటపడతాయి.

అపోహ: కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్ గ్రహంలా తిరుగుతుంది.

వాస్తవం: 1913 నాటి బోర్ నమూనా హైడ్రోజన్ శక్తిస్థాయిలను సరిగ్గానే ఇచ్చింది. అందుకే ఆ బొమ్మ పుస్తకాల అట్టలు వదలడం లేదు. కానీ 1926 నాటి ష్రోడింగర్ సమీకరణం ప్రకారం, హైడ్రోజన్ భూస్థాయిలో (అతి తక్కువ శక్తి ఉన్న స్థితిలో) ఎలక్ట్రాన్ కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం, అంటే చుట్టూ తిరగడానికి కొలత, సున్నా. సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహానికి అది సున్నా కాలేదు. బోర్ కక్ష్యకు చెప్పిన వ్యాసార్థం, 0.529 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రాము అంటే 100 పికోమీటర్లు), వృథా పోలేదు లెండి: కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ దొరికే అవకాశం అన్నిటికన్నా ఎక్కువగా ఉండే దూరం అదే.

అపోహ: ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్ ఉండే గది.

వాస్తవం: ఆర్బిటాల్ చెప్పేది ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంత అన్నదే. గోడ మనం గీసుకున్నదే. సాధారణంగా 90 శాతం సంభావ్యత దగ్గర గీత ఆపేస్తారు, మిగతా 10 శాతం ఆ గీతకు అవతలే. పరీక్షలో మాత్రం p ఆర్బిటాల్‌కు డంబెల్ ఆకారం చక్కగా గీయండి, మార్కులు దానికే.