అటక మీంచి దిగిన రేడియో

అమ్మకు ఫోన్‌లో రేడియో వినడం నచ్చదు. యాప్ తెరవాలి, స్టేషన్ వెతకాలి, మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే పాట ఆగిపోతుంది. ఒకప్పుడు 738 దగ్గర ముల్లు పెడితే హైదరాబాద్ కేంద్రం పలికేది. మా అపార్ట్‌మెంట్ గోడల మధ్య ఇప్పుడు మీడియం వేవ్‌లో గరగర తప్ప ఏమీ రాదు. నాబ్ తిప్పితే మాట్లాడే పెట్టె ఒకటి వంటింట్లో ఉంటే చాలని ఆవిడ కోరిక. అటక మీద వెతికితే, ఫైబర్ వచ్చాక పక్కన పడేసిన వైఫై రౌటర్ దొరికింది. వెనక రెండు యూఎస్‌బీ పోర్టులున్నాయి. రేడియో చేయడానికి ఆ పోర్టులే ఆధారం.

రౌటర్ అంటే మనకు వైఫై పంచే డబ్బా. మూత తీసి చూస్తే అందులో ప్రాసెసర్ ఉంది, ర్యామ్ ఉంది, నిల్వకు ఫ్లాష్ చిప్ ఉంది. చాలా రౌటర్లలో నడిచేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమే. ఈ సంగతి లోకానికి తెలియడం వెనక ఒక పట్టుదల ఉంది. 2002 చివర్లో లింక్‌సిస్ సంస్థ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌ను అమ్మకానికి పెట్టింది. దాని లోపల లినక్స్ ఉందని 2003లో బయటపడింది. లినక్స్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ అలా మార్చి అమ్మేవాళ్లు సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రూపం, కూడా ఇవ్వాలని దాని జీపీఎల్ లైసెన్స్ షరతు. డెవలపర్లు ఆ షరతు మీదే గట్టిగా నిలబడ్డారు, కంపెనీ కోడ్ విడుదల చేసింది. కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు రౌటర్లలో మనమే ఎక్కించుకోగల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 2004లో మొదలైంది. దానికి ఆ కోడే పునాది, పేరులోని మూడక్షరాలు కూడా ఆ రౌటర్‌వే. లైసెన్సులో ఆ ఒక్క షరతు లేకపోతే ఇవాళ మా రౌటర్ పాత సామాన్లవాడి బండెక్కేదే.

దారి చూపింది మాత్రం 2009 నాటి ఒక ప్రయోగం. అమెరికాలో ఒక ఇంజనీరు ఏసస్ డబ్ల్యూఎల్-520జీయూ రౌటర్‌తో, కంప్యూటర్ అవసరం లేకుండా సొంతంగా పనిచేసే ఇంటర్నెట్ రేడియో తయారు చేశాడు. దాని ప్రాసెసర్ వేగం 240 మెగాహెర్ట్జ్, ర్యామ్ 16 ఎంబీ, ఫ్లాష్ 4 ఎంబీ. ప్రింటర్ కోసం పెట్టిన యూఎస్‌బీ పోర్టులో ఆయన ఒక సౌండ్ కార్డు గుచ్చాడు.

అంత చిన్న యంత్రానికి పాట ఎలా సాధ్యమైందో లెక్కలోనే తెలుస్తుంది. 128 కిలోబిట్ల ఎంపీ3 ప్రసారమంటే సెకనుకు 16,000 బైట్లు. గంట వింటే 57.6 ఎంబీ. ఇది రౌటర్‌కు గడ్డిపరకంత బరువు. అసలు శ్రమంతా, కుదించి పంపిన ఆ పాటను విప్పడంలో ఉంది. సీడీ నాణ్యతలో స్పీకర్‌కు సెకనుకు 44,100 నమూనాలు కావాలి, అదీ రెండు చానళ్లకు, ఒక్కోటి 16 బిట్లు. అంటే 1,76,400 బైట్లు. వచ్చినదానికి పదకొండు రెట్లు పుట్టించాలి. ఎంపీ3ని విప్పే గణితం నిండా దశాంశాలు. ఇలాంటి రౌటర్ ప్రాసెసర్లలో దశాంశాల లెక్కకు వేరే విభాగం ఉండదు.

దీనికి పరిష్కారం మన కిరాణా కొట్లో ఉన్నదే. రూపాయల్లో దశాంశాలు ఇబ్బందైతే లెక్కంతా పైసల్లో వేసుకుంటాం. రెండుంబావు రూపాయి 225 పైసలవుతుంది, చుక్క మాయమవుతుంది. ఎంపీ3ని విప్పే లిబ్‌మ్యాడ్ అనే ప్రోగ్రామ్ కూడా ఇదే పని చేస్తుంది. దానికి ఒకటి అంటే 26,84,35,456. రెండును 28 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది. ఇక ఆ పైన కూడికలు, గుణకారాలన్నీ పూర్ణాంకాల్లోనే. ఇంత సులువైన ఆలోచన ఇంత పని చేస్తుందని తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంకా తగ్గలేదు.

మా రౌటర్ టీపీ-లింక్ ఆర్చర్ సీ7. ర్యామ్ 128 ఎంబీ, ఫ్లాష్ 16 ఎంబీ. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించి, పెన్‌డ్రైవ్‌ను అదనపు నిల్వగా కలిపాను. రెండో పోర్టులో సౌండ్ కార్డు, దానికి చిన్న యాంప్లిఫయర్, స్పీకర్. పాడే పని ఎంపీడీ అనే ప్రోగ్రామ్‌ది. ఎక్కువ చోటు కావడానికి కారణం ఆకాశవాణే. దాని ఇంటర్నెట్ ప్రసారం పాత పద్ధతిలో ఒకే ధారగా రాదు. కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ముక్కల జాబితా ఒకటి ఇస్తారు. జాబితా చదివి, ముక్కలు తెచ్చి, అతికించి విప్పాలి. 4 ఎంబీ ఫ్లాష్‌లో ఇన్ని సరంజామాలు పట్టవు.

నాబ్ దగ్గర వారం రోజులు గడిచాయి. నాబ్ మాటను రౌటర్‌కు చేర్చే దారి, దాని బోర్డు మీద ఉండే సీరియల్ పోర్టు. అక్కడ మూడు తీగలు చాలు: పంపేది, అందుకునేది, గ్రౌండ్. కంప్యూటర్ నుంచి కలిపి చూస్తే లినక్స్ నిద్రలేస్తూ పలికే వరసలు తెర మీద పరుగెత్తుతాయి. వోల్టేజి 3.3 మాత్రమే. పాత కంప్యూటర్ల సీరియల్ తీగ నేరుగా తగిలిస్తే చిప్ కాలిపోతుంది. అందుకే 3.3 వోల్టుల ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు తీసుకుని, దానికి తిప్పుడు రెసిస్టర్ కలిపాను. ఎంత తిప్పారో దాన్ని బట్టి 0 నుంచి 1023 వరకు ఒక అంకె వస్తుంది. దాన్ని నాలుగు భాగాలు చేసి, భాగానికో స్టేషన్ ఇచ్చాను.

మొదటి రోజే చిక్కొచ్చింది. నాబ్ సరిగ్గా హద్దు మీద ఆగితే అంకె 255, 256 మధ్య ఊగుతుంది. హైదరాబాద్, విజయవాడ, మళ్లీ హైదరాబాద్. ఎవరి మాటా పూర్తికాదు. పొలాల మధ్య గట్టు వేసినట్టు హద్దుకు అటూ ఇటూ కొంత వెడల్పు వదిలాను. గట్టు పూర్తిగా దాటితేనే స్టేషన్ మారుతుంది. ఊగిసలాట అక్కడితో పోయింది.

పాత పద్ధతి ప్రసారాల్లో నాకు బాగా నచ్చింది పాట పేరు వచ్చే తీరు. పేరు కూడా కావాలని ముందే అడిగితే, సర్వర్ ఇన్ని బైట్లకోసారి పంపుతానని చెబుతుంది. ఐస్‌కాస్ట్ అనే ప్రసార సర్వర్‌లో అది మామూలుగా 16,000 బైట్లు, మన లెక్కలో సరిగ్గా సెకను పాట. ఆ తర్వాత ఒకే ఒక్క బైటు వస్తుంది. దాన్ని 16తో గుణిస్తే పేరు పొడవు. సున్నా అయితే పేరు మారలేదని అర్థం, మళ్లీ పాట మొదలు. ఆ బైటును తీయడం మరిచిపోతే సెకనుకోసారి టక్కుమంటుంది.

"వార్తల ముందు గంట ఆలస్యంగా కొడుతోందిరా" అంది అమ్మ మర్నాడు పొద్దున్నే, గోడ గడియారం చూస్తూ. నిజమే. స్టూడియోలో కొట్టిన బీప్ ముక్కలుగా కోసి, సర్వర్‌లో ఆగి, మా రౌటర్ దాచుకునే నిల్వ దాటి రావాలి. ఆ నిల్వే బఫర్, మిద్దె మీద నీళ్ల ట్యాంకు లాంటిది. మునిసిపల్ నీళ్లు ఆగి ఆగి వచ్చినా కుళాయిలో ధార తెగదు. విప్పిన శబ్దాన్ని 2 ఎంబీ దాచితే దాదాపు 12 సెకన్ల పాట. గడియారం సరిచూసుకోవడానికి ఈ రేడియో పనికిరాదని ఆవిడకు చెప్పేశాను.

ట్యాంకుకు ఇంకో సమస్య ఉంది. ప్రసారం చేసేవాళ్ల గడియారం ఒకటి, మా సౌండ్ కార్డులో గడియారంలా పనిచేసే క్రిస్టల్ ఇంకొకటి. రెండూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. మాది పది లక్షల్లో 50 వంతులు ఎక్కువ వేగమనుకుందాం. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 4.32 సెకన్ల పాట ట్యాంకు నుంచి అదనంగా ఖర్చవుతుంది. 12 సెకన్ల నిల్వ మూడు రోజులు తిరక్కముందే అడుగంటుతుంది. అప్పుడు ఎంపీడీ ఆగి, నింపుకుని, మళ్లీ పాడుతుంది. రాత్రి కట్టేసి పొద్దున పెట్టే ఇంట్లో ఈ ఇబ్బంది రాదు, ట్యాంకు రోజూ కొత్తగా నిండుతుంది. మా వంటింట్లో రేడియో రాత్రీ పగలూ మోగుతూనే ఉంటుంది. మొన్న శనివారం పోపు వేస్తుండగా పాట ఒక్క క్షణం ఆగింది. అమ్మ గరిటె పట్టుకునే వెనక్కి తిరిగి చూసింది. నాబ్ ముట్టుకోకముందే పాట అందుకుంది.